పండ్లు రాలగొట్టిన రాజ్యాన్నే కాపాడిన జనరల్

ఒక పుస్తకం మొదటి పేజీ కాడ మొదలువెడుత. సోవియట్ మార్షల్ కాన్‌స్తాంతిన్ రొకొసోవ్‌స్కీ రాసుకున్న యుద్ధ జ్ఞాపకాల పుస్తకం అది. పేరు ‘సైనికుని కర్తవ్యం’. 1968ల అచ్చయింది. 1940 వసంతంల ఇంటోళ్లను తీసుకొని సోచీకి పోయిన ముచ్చటతోని షురువైతది. సోచీ అంటే నల్ల సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. సెలవు దొరికినోళ్లు గాలి మార్పు కోసం పోయే జాగ. చదివెటోనికి ఏమనిపిస్తది? ఫౌజుల పెద్ద నౌకరి, జర రికాం దొరికింది, సముద్రం చూసేతందుకు పోయిండు అనిపిస్తది.

అసలు సంగతి వేరే ఉన్నది. సోచీకి పోవుడుకు కొద్దిగ ముందటి దాంక ఆయన జైల్ల ఉండె. ఒక దినం, రెండు దినాలు గాదు, రెండేండ్ల ఏడు నెలలు. జైల్ల ఏసింది శత్రువు గాదు. ఏ సర్కారు కోసం ఇరవై ఏండ్లు తుపాకి మోసిండో ఆ సర్కారే. నోట్ల పండ్లు రాలగొట్టిన్రు. పక్కటెముకలు ఇరగ్గొట్టిన్రు. కాళ్ల వేళ్ల మీద సుత్తెతోని కొట్టిన్రు. ఆ పుస్తకంల సోచీ ఉన్నది గని, జైలు కథ లేదు.

ఈ మనిషే రెండేండ్లు తిరగకముందే మాస్కో ముంగట హిట్లర్ ఫౌజుకు అడ్డం నిలబడ్డడు. స్టాలిన్‌గ్రాడ్‌ల జర్మన్ ఫీల్డ్ మార్షల్‌ను పట్టుకున్నడు. బెలారస్ బురద నేలలకెళ్లి ట్యాంకులు నడిపించి జర్మన్ సైన్యం నడుము ఇరగ్గొట్టిండు. తనను అంత గోసపెట్టిన రాజ్యాన్ని ఎందుకు కాపాడిండు? కాపాడినంక ఎందుకు నోరు తెరువలే? ఈ రెండు ప్రశ్నలు నన్ను చాన దినాల సంది ఇడిచిపెడ్తలేవు.

నేను పెద్ద చదువులు చదివినోన్ని గాదు. తెలుగుల అచ్చయ్యి అగ్గువకు దొరికిన సోవియట్ పుస్తకాలు చదువుకుంట పెరిగినోన్ని. మా అసొంటోళ్లకు ఎర్ర సైన్యం అంటే ఫాసిజాన్ని బొంద పెట్టిన సైన్యం. అది అబద్ధం గాదు. గని ఆ పుస్తకాలల్ల ఉన్న ముచ్చటకంటే లేని ముచ్చట ఎక్కువ ఉన్నదని చాన ఆలస్యంగ తెలిసింది. రొకొసోవ్‌స్కీ కథ ఆ లేని ముచ్చటకు ఒక తొవ్వ.

రాళ్లు కొట్టిన పిల్లగాడు

రష్యన్ జనరల్ అంటం గని, ఆయన సగం పోలిష్ మనిషి. 1896 డిసెంబర్‌ల పుట్టిండు. తండ్రి పోలిష్, రైల్వేల పని చేసేటోడు. అప్పుడు వార్సా నగరం రష్యా జార్ చక్రవర్తి రాజ్యం కింద ఉండె. పిల్లగాడు వార్సాలనే పెరిగిండు. చిన్నప్పుడే తండ్రి సచ్చిపోయిండు, తర్వాత తల్లి పోయింది. పదిహేనేండ్లు నిండకముందే దిక్కులేనోడైండు. మేజోళ్లు అల్లే కార్ఖానల కూలికి పోయిండు. ఆ తర్వాత రాళ్లు చెక్కే పనికి కుదిరిండు. వార్సాల విస్తులా నది మీద ఇయ్యాల కూడ ఉన్న పొన్యాతోవ్‌స్కీ వంతెనకు రాళ్లు చెక్కినోళ్లల్ల ఈ పిల్లగాడు ఒకడు.

1912ల మే డే ఊరేగింపుల దొరికిండని జార్ పోలీసులు పట్టుకపోయి రెండు నెలలు జైల్ల పెట్టిన్రు. అప్పటికి ఆయనకు పదిహేనేండ్లు. ఈ మే డే ముచ్చట గుర్తుపెట్టుకోండ్రి, ఎనకకు మల్ల దీని కాడికే వస్తం.

1914ల మొదటి ప్రపంచ యుద్ధం రాంగనే గుర్రపు దళంల చేరిండు. ధైర్యానికి సెయింట్ జార్జ్ క్రాస్ వచ్చింది. 1917ల విప్లవం వచ్చినప్పుడు ఎర్ర దళాల దిక్కు నిలబడ్డడు, 1919ల పార్టీల చేరిండు. అంతర్యుద్ధంల సైబీరియా దిక్కు కొట్లాడిండు, గాయాలైనయి.

మనిషి మారుకుంట ఉంటే పేరు కూడ మారుకుంట వచ్చింది. రష్యన్లు మనిషిని పిలిచేటప్పుడు తండ్రి పేరు కలిపి పిలుస్తరు. ఈయన తండ్రి పేరు క్సావెరి. ఆ పోలిష్ పేరు రష్యన్ నోర్లకు తిరగలే. ‘క్సావెర్యేవిచ్’ పోయి ‘కాన్‌స్తాంతినోవిచ్’ అయింది. ఇంక పెద్దోడైనంక పుట్టిన ఊరు కూడ మారింది. యుద్ధం తర్వాతి సోవియట్ పుస్తకాలల్ల వార్సా పోయి, వెలికీయే లూకి అనే రష్యన్ ఊరు వచ్చి కూసున్నది. ఒక మనిషి పేరును, ఊరును కాయితం మీద మార్చుడు రాజ్యానికి ఎంత అలక చూడుండ్రి.

1937: తప్పు ఏందంటే పోలిష్ పుట్టుక

1930ల నాటికి ఆయన పెద్ద కమాండర్ అయిండు. సమారా గుర్రపు డివిజన్‌కు అధిపతిగ ఉన్నప్పుడు ఆయన చేతి కింద ఒక బ్రిగేడ్ కమాండర్ ఉండె, పేరు గియోర్గి జూకోవ్. తర్వాత లోకమంత ఎరిగిన జూకోవే. 1936 నాటికి రొకొసోవ్‌స్కీ ప్స్కోవ్‌ల గుర్రపు కోర్‌కు కమాండర్.

1937ల స్టాలిన్ సర్కారు తన ఫౌజు మీద తానే పడ్డది. అప్పటికి దేశంల ఉన్నదే 5 మంది మార్షల్స్. అందుల ముగ్గురు పోయిన్రు. తుఖాచెవ్‌స్కీని, యెగోరోవ్‌ను కాల్చేసిన్రు, బ్లూఖర్ జైల్లనే సచ్చిపోయిండు. వేల మంది ఆఫీసర్లను పట్టుకపోయిన్రు.

అదే ఏడు ఆగస్టుల రహస్య పోలీసులు ఇంకో ఆర్డర్ తీసిన్రు. దాని నంబరు 00485. పోలిష్ గూఢచారులను ఏరేస్తమన్నది దాని పైపేరు. జరిగిందేమో పోలిష్ పేరున్నోన్ని, పోలిష్ చుట్టరికం ఉన్నోన్ని పట్టుకపోవుడు. ఆ ఒక్క ఆర్డర్ కింద 1938 నాటికి దాదాపు 1 లక్ష 40 వేల మందికి శిక్షలేసిన్రు. వాళ్లల్ల 1 లక్ష 11 వేల మందిని కాల్చేసిన్రు. కార్మికులు, రైతులు, టీచర్లు, పార్టీల ఉన్నోళ్లు అందరు ఉన్నరు. పుట్టుకనే నేరమైంది.

రొకొసోవ్‌స్కీని కూడ ఆ ఆగస్టులనే పట్టుకున్నరు. పోలండ్‌కు, జపాన్‌కు గూఢచారి అని కేసు. లెనిన్‌గ్రాడ్‌ల ‘క్రెస్తీ’ జైల్ల పెట్టిన్రు. ఒప్పుకో, సంతకం పెట్టు, ఇంకో నలుగురి పేర్లు చెప్పు అని కొట్టిన్రు. కాల్చేస్తమని బయటికి తీస్కపోయి, ఉత్తుత్త కాల్పులు కాల్చి మల్ల లోపలికి తెచ్చిన్రని ఇంటోళ్లు తర్వాత చెప్పిన్రు. ఆయన సంతకం పెట్టలే. ఒక్కరి పేరు చెప్పలే. ఆ రోజులల్ల ఎంతోమంది దెబ్బలకు తాళలేక సంతకం పెట్టిన్రు. వాళ్లను తప్పు పట్టేతందుకు మనం ఎవరం? గని పెట్టకుండ నిలబడుడు మాత్రం మామూలు గుండె పని గాదు.

1940 మార్చిల ఇడిచిపెట్టిన్రు. ఎందుకు ఇడిచిన్రు? న్యాయం జరిగి గాదు, అక్కర పడి. ఫిన్‌లండ్‌తోని చేసిన యుద్ధంల ఎర్ర సైన్యం ఇజ్జత్ పోయింది. కమాండర్లను సంపుకున్న ఫౌజుకు కమాండర్లు కావాల్సి వచ్చిన్రు. కొత్త పండ్లు పెట్టించిన్రు. పాత హోదా ఇచ్చిన్రు. సోచీకి తోలిన్రు. తర్వాత జిందగీ అంత ఆయన పక్కన పిస్తోలు పెట్టుకున్నడట. ఎందుకు బాపూ అని బిడ్డ అడిగితే, మల్ల పట్టుకపోయేతందుకు వస్తే పాణంతోని దొరకనని చెప్పిండట. దేశానికి మార్షల్ అయినంక కూడ భయం పోలే. ఆ భయం జర్మన్లంటే గాదు.

మాస్కో తొవ్వల

1941 జూన్ 22. జర్మన్లు మీద పడ్డ దినం ఆయన ఉక్రెయిన్‌ల 9వ మెకనైజ్డ్ కోర్‌కు కమాండర్. పేరుకు మెకనైజ్డ్ గని, ట్యాంకులు సగం పాతయి, బండ్లు సాలయి. దుబ్నో దిక్కు అట్లనే కొట్లాడిండు. జూలైల మాస్కోకు పిలిచి స్మొలెన్‌స్క్ దిక్కు పొమ్మన్నరు. ఆడ ఫౌజు లేదు. ముట్టడిలకెళ్లి తప్పించుకొని చెదిరి వస్తున్న సిపాయిలను తొవ్వల జమ చేసుకుంట యార్ట్‌సెవో కాడ గీత గీసి నిలబడ్డడు.

అక్టోబర్‌ల వ్యాజ్మా కాడ లక్షల మంది సిపాయిలు జర్మన్ల సంచిల పడ్డరు. ఈయన తన చిన్న జట్టుతోని బయటపడి 16వ సైన్యం పేరుతోని వొలొకొలామ్‌స్క్ రోడ్డు మీద నిలిచిండు. మాస్కోకు పోయే పెద్ద తొవ్వల్ల అదొకటి. జనరల్ పన్‌ఫీలోవ్ డివిజన్ కొట్లాడింది ఆ రోడ్డు మీదనే. పన్‌ఫీలోవ్ నవంబర్ 18న ఆడనే పడిపోయిండు.

నవంబర్‌ల ఒక ముచ్చట జరిగింది. సిపాయిలు ఒడిసిపోతున్నరు, జర ఎనకకు జరిగి ఇస్త్రా నది కాడ గట్టిగ నిలబడుదమని రొకొసోవ్‌స్కీ అడిగిండు. జూకోవ్ వద్దన్నడు. ఒకప్పుడు తన కింద పనిచేసిన జూకోవ్ ఇప్పుడు తన పై అధికారి. రొకొసోవ్‌స్కీ ఇంకా మీదికి, జనరల్ స్టాఫ్ అధిపతి షాపొష్నికోవ్‌ను అడిగి ఒప్పించుకున్నడు. జూకోవ్ తెలిసి మండిపడ్డడు, ఆ ఆర్డర్‌ను కొట్టేసిండు, ఉన్నకాడనే నిలబడుమన్నడు. చివరికి జర్మన్లు నూకితే ఎనకకు రావాల్సే వచ్చింది. ఉత్తగ సచ్చిన ఆ సిపాయిల గురించి రొకొసోవ్‌స్కీ తన పుస్తకంల బాధతోని రాసుకున్నడు. సిపాయి పాణం కూడ లెక్కల పెట్టాలె అన్నది ఆయన పద్ధతి. కింది ఆఫీసర్ల మీద ఒర్లుడు, తిట్టుడు లేకుండ పని తీసుకుంటడని పేరు. ఆ సైన్యంల అది అరుదు.

1942 మార్చిల ఫిరంగి గుండు ముక్క తాకి దవాఖానల పడ్డడు. లేచి వచ్చినంక సెప్టెంబర్‌ల స్టాలిన్‌గ్రాడ్ దిక్కు డాన్ ఫ్రంట్ చేతికిచ్చిన్రు.

స్టాలిన్‌గ్రాడ్, కుర్‌స్క్

స్టాలిన్‌గ్రాడ్ గురించి చాన మందికి ఎరుకే కాబట్టి కురచగ చెప్త. నవంబర్ 19న సోవియట్ ఫౌజులు రెండు దిక్కులకెళ్లి కమ్ముకొని నాలుగైదు దినాలల్ల జర్మన్ 6వ సైన్యాన్ని ముట్టడిల పెట్టినయి. దాన్ని ఖతం చేసే పని రొకొసోవ్‌స్కీ మీద పడ్డది. 1943 జనవరి 8న లొంగిపొండ్రి, పాణాలు కాపాడుతం అని కబురు పంపిండు. జర్మన్లు వద్దన్నరు. 10న దాడి షురువైంది. 31న ఫీల్డ్ మార్షల్ పౌలస్ దొరికిండు. ఒక్క దినం ముందటనే హిట్లర్ ఆయనకు ఆ హోదా ఇచ్చిండు. ఫిబ్రవరి 2కు అంత ఒడిసింది. దాదాపు 91 వేల మంది ఆకలితోని, సలితోని వణుక్కుంట లొంగిపోయిన్రు.

ఆ ఎండకాలం కుర్‌స్క్. జర్మన్లు ఏ దిక్కుకెళ్లి కొడ్తరో ముందే అంచనా కట్టి, ఆ తొవ్వల తన ఫిరంగులు, మందుపాతరలు గుమ్మరిచ్చి పెట్టిండు. ఊరోళ్లు, ముఖ్యంగ ఆడోళ్లు, ముసలోళ్లు కందకాలు తవ్విన్రు. జూలై 5న దాడి మొదలైతే ఆయన దిక్కు జర్మన్లు పది పన్నెండు కిలోమీటర్లకు మించి రాలేకపోయిన్రు. తర్వాత తూర్పు యుద్ధంల జర్మనీ మల్ల పెద్ద దాడి చేసి గెలిచింది లేదు.

బురదల రెండు తొవ్వలు

నా లెక్కల ఆయన యుద్ధ జీవితంల అన్నిటికంటే పెద్ద ముచ్చట బెలారస్. 1944 మే నెల. బెలారస్‌ల జర్మన్ సైన్యాన్ని కొట్టాలె. ఆ ఆపరేషన్‌కు ‘బాగ్రతియోన్’ అని పేరు పెట్టిన్రు. 1812ల నెపోలియన్‌తోని కొట్లాడి సచ్చిపోయిన జనరల్ పేరు అది.

రొకొసోవ్‌స్కీ జాగ దక్షిణ బెలారస్. ఆడ సగం నేల ఊబి, చిత్తడి అడవి. ఆయన ముందటి వరుసల దాంక పోయి, కొన్ని కాడ కడుపు మీద పాకి నేల చూసిండు. చూసినంక తేల్చుకున్నడు: ఒక్క దిక్కుకెళ్లి కొడితే దారి ఇరుకు, శత్రువు ఆపుతడు. రెండు దిక్కులకెళ్లి ఒక్కసారే, రెండూ పెద్ద దెబ్బలే కొట్టాలె.

మాస్కోల స్టాలిన్ ముంగట ఈ మాట చెప్పిండు. అప్పటి యుద్ధ పాఠాలల్ల పెద్ద దెబ్బ ఒక్కటే ఉండాలె. స్టాలిన్ ఒప్పుకోలే. పక్క గదిలకు పోయి ఆలోచించుకొని రా అన్నడు. పోయి వచ్చి మల్ల గదే మాట చెప్పిండు. ఇంకోసారి పొమ్మన్నడు. ఈసారి మోలొతోవ్, మాలెంకోవ్ ఆ గదిలకు వచ్చి ఎవరితోని వాదిస్తున్నవో ఎరుకేనా అన్నట్టు మాట్లాడిన్రు. మూడోసారి కూడ ఆయన రెండు దెబ్బలే అన్నడు. అప్పుడు స్టాలిన్ ఒప్పుకున్నడు. ఇది రొకొసోవ్‌స్కీ రాసుకున్న తీరు. అట్లాంటి పంచాయితీ ఏదీ జరగలేదని జూకోవ్ తన పుస్తకంల రాసిండు. ఇద్దరి మాట మీ ముంగట పెట్టిన. గని రెండు దెబ్బలు కొట్టుడు మాత్రం నిజంగ జరిగింది.

ఎట్ల జరిగిందో చూడుండ్రి. సిపాయిలు అడవిల చెట్లు కొట్టి మొద్దులు పక్కపక్కకు పేర్చి బురద మీద రోడ్లేసిన్రు. కాళ్లు కూరుకపోకుంట పుల్లలతోని వెడల్పు చెప్పులసొంటియి అల్లుకున్నరు. వాగులు దాటుడు, ఈతగొట్టుడు నేర్చుకున్నరు. జర్మన్లు ఆ దిక్కుకెళ్లి ట్యాంకు రాదనుకున్నరు. జూన్ 24న జనరల్ బాతోవ్ సైన్యం ఆ బురదలకెళ్లే వచ్చింది. ఐదారు దినాలల్ల బబ్రూయిస్క్ ఊరు చేతికొచ్చింది, వేల వేల జర్మన్లు సుట్టుముట్టులో చిక్కిన్రు. జూలై 3న మిన్‌స్క్ విముక్తి. ఆ ఎండకాలం జర్మనీ పోగొట్టుకున్నది స్టాలిన్‌గ్రాడ్‌లకంటే ఎక్కువ. జూలై 17న పట్టువడ్డ 57 వేల మంది జర్మన్లను మాస్కో వీధులల్ల నడిపించిన్రు. రొకొసోవ్‌స్కీని జూన్ 29ననే మార్షల్‌ను చేసిన్రు.

జూలై ఆఖరుకు ఆయన ఫౌజులు పోలండ్‌ల లుబ్లిన్ చేరినయి. ఊరి బయట మైదానెక్ క్యాంపు ఉన్నది. గ్యాస్ గదులు, బూడిద, సంపబడ్డోళ్ల చెప్పుల కుప్పలు. నాజీలు యూదులను సంపిన పెద్ద క్యాంపులల్ల లోకం కండ్లకు మొదట కనబడ్డది అదే. ఈ సైన్యం గెలువకపోతే ఏమయ్యేదో అర్థం కావాలంటే మైదానెక్‌ను మరువొద్దు. స్టాలిన్ తప్పులు చెప్పుకుంట హిట్లర్‌ను, ఎర్ర సైన్యాన్ని ఒక్క గాటన కట్టేటోళ్లు ఇయ్యాల ఎక్కువైన్రు. నేను ఆ మాట ఒప్పుకోను.

నది అవతల వార్సా

ఆగస్టు 1న వార్సాల తిరుగుబాటు లేచింది. పోలిష్ రహస్య సైన్యం, పోరగాండ్లు, ఆడపిల్లలు చేతికి దొరికిన ఆయుధంతోని జర్మన్ల మీద లేచిన్రు. వాళ్ల నాయకత్వం లండన్‌ల ఉన్న పోలిష్ ప్రభుత్వం దిక్కు, స్టాలిన్ దిక్కు గాదు. అప్పటికి రొకొసోవ్‌స్కీ ఫౌజు నది తూర్పు దిక్కు వార్సా దగ్గర్ల ఉన్నది. తాను పెరిగిన ఊరు, రాళ్లు చెక్కిన వంతెన ఉన్న ఊరు. ఆయన అక్కచెల్లెండ్లల్ల ఒకామె ఆ వార్సాలనే ఉన్నది.

ఫౌజు ఎందుకు పోలే? ఒక కారణం నిజమైనదే. సిపాయిలు వందల కిలోమీటర్లు ఉరికి ఒడిసిపోయి ఉన్నరు, ఆగస్టు మొదట్ల వార్సా ముంగట జర్మన్ ట్యాంకులు ఎదురు దెబ్బ కొట్టి ఒక ట్యాంకు సైన్యాన్ని చిత్తు చేసినయి. గని రెండో కారణం కూడ ఉన్నది. ఆగస్టు 8న జూకోవ్, రొకొసోవ్‌స్కీ కలిసి, నెలాఖరుకు వార్సా మీదికి పోవచ్చని స్టాలిన్‌కు ప్లాన్ రాసి పంపిన్రు. స్టాలిన్ దాన్ని పక్కకు పెట్టిండు. తిరుగుబాటుదార్లకు ఆయుధాలు పడేసేతందుకు వచ్చే ఇంగ్లండ్, అమెరికా విమానాలను సోవియట్ నేల మీద దిగనియ్యలే, సెప్టెంబర్ నడిమి దాంక. తనకు పడని పోలిష్ నాయకత్వం జర్మన్ల చేతిల సస్తే ఆయనకు పోయేదేం లేకుండె.

సెప్టెంబర్ నడిమికి రొకొసోవ్‌స్కీ ఫౌజు నది ఈవలి ప్రాగా పేట గెలిచింది. తన కింద ఉన్న పోలిష్ సైన్యం నది దాటేతందుకు పోయి చాన మందిని పోగొట్టుకొని తిరిగి వచ్చింది. 63 దినాలు కొట్లాడి అక్టోబర్ 2న వార్సా లొంగింది. లక్షన్నరకు పైగ మామూలు జనం సచ్చిపోయిన్రు. మిగిలిన ఊరును హిట్లర్ ఇల్లు ఇల్లు పేల్చి నేలమట్టం చేసిండు.

తిరుగుబాటు తొందరపాటు అన్నడు రొకొసోవ్‌స్కీ, అప్పుడు విదేశీ విలేకరితోని, తర్వాత పుస్తకంల కూడ. బురదల రెండు తొవ్వల కోసం మూడుసార్లు ఎదురు నిలబడ్డ మనిషి, తన ఊరు కాలుతుంటే మాత్రం ప్లాన్ పంపి ఊకున్నడు. యుద్ధం ఎట్ల చేయాల్నో అన్నకాడ స్టాలిన్‌తోని వాదించే జాగ జర ఉండె. ఎవరిని కాపాడాలె, ఎవరిని ఇడిచిపెట్టాలె అన్నకాడ ఆ జాగ లేకుండె.

నవంబర్‌ల ఆయన్ను పక్క ఫ్రంట్‌కు బదిలీ చేసిన్రు. వార్సా మీదికెళ్లి బెర్లిన్‌కు పోయే నేరు తొవ్వ జూకోవ్‌కు ఇచ్చిన్రు. నా మీద ఈ కోపం ఎందుకు అని స్టాలిన్‌ను అడిగిండట. పోలిష్ పుట్టుకనే కారణమని చాన మంది అంటరు. రొకొసోవ్‌స్కీ తూర్పు ప్రష్యాలకు, దాన్‌జిగ్ దిక్కు పోయిండు. ఆడ సోవియట్ సిపాయిలు జర్మన్ ఆడోళ్ల మీద, జనం మీద ఘోరాలు చేసిన్రు. 1945 జనవరి 22న ఆయన ఆర్డర్ తీసిండు: లూటీలు, హింస, ఇండ్లు కాలవెట్టుడు ఆపాలె, చేసినోన్ని శిక్షించాలె అని. ఆర్డర్ మంచిదే. ఘోరాలు మాత్రం ఆగలే.

1945 జూన్ 24న మాస్కో ఎర్ర చౌక్‌ల విజయ పరేడ్. వాన పడుతున్నది. నల్ల గుర్రం మీద రొకొసోవ్‌స్కీ పరేడ్ నడిపించిండు, తెల్ల గుర్రం మీద జూకోవ్ వందనం తీసుకున్నడు. అయిదేండ్ల కింద జైల్ల కూసున్న మనిషి ఇప్పుడు దేశమంత చూస్తుంటే సెల్యూట్ కొడుతున్నడు. పైన మెట్ల మీద నిలబడ్డది స్టాలిన్.

పోజ్నాన్: మే డే పిల్లగాని ట్యాంకులు

చాన మంది రాసేటోళ్లు కథను ఆ నల్ల గుర్రం కాడనే ఆపుతరు. నా కథ ఆడ ఆగదు.

1949 నవంబర్‌ల స్టాలిన్ ఆయన్ను పోలండ్‌కు రక్షణ మంత్రిగ పంపిండు. పోలండ్ మార్షల్ అన్న హోదా కూడ ఇచ్చిన్రు. ఒక దేశం సైన్యాన్ని పక్క దేశం మార్షల్ చేతిల పెట్టుడు అంటే ఏంది? ఆ దేశం చేతికి సంకెల ఏసినట్టే. ఆయన ఉన్న ఏండ్లల్లనే పోలిష్ సైన్యంల పాత ఆఫీసర్లను పట్టుకపోయి, కుట్ర కేసులు పెట్టి, కొట్టి సంతకాలు చేయించుకొని, కొంతమందిని సంపిన్రు. క్రెస్తీ జైల్ల తనకు ఏం జరిగిందో వాళ్లకు అదే జరిగింది. నమ్మకం లేనోళ్లు అని ముద్రేసి పోరగాండ్లను సైన్యం పేరుతోని బొగ్గు గనులల్ల పనికి తోలిన్రు. ఇదంత ఆయన సొంత చేతితోని చేసిండని నేను అంటలేను. రహస్య పోలీసుల పనిల ఎవరి వంతు ఎంతనో తూకం ఎయ్యలేం. గని మంత్రి కుర్చీల కూసున్నది ఆయనే.

1956 జూన్ 28. పోజ్నాన్ నగరం. రైలింజన్లు చేసే పెద్ద కార్ఖాన. ఆ కార్ఖానకు అప్పుడు స్టాలిన్ పేరే పెట్టి ఉన్నది. కూలి తక్కువ, పని లెక్క ఎక్కువ, జీతంల కోతలు, దుకాండ్లల్ల తిండి లేదు. కార్మికులు అర్జీలు పెట్టి పెట్టి యాష్టకొచ్చి పొద్దుగాలనే పని బంద్ చేసి రోడ్డెక్కిన్రు. రొట్టె కావాలె అని బోర్డులు పట్టుకున్నరు. దాదాపు లక్ష మంది జమైన్రు. పొద్దు ఎక్కేటాళ్లకు కాల్పులు షురువైనయి. రక్షణ మంత్రి రొకొసోవ్‌స్కీ ఫౌజును పంపిండు. పది వేల మంది సిపాయిలు, వందల ట్యాంకులు ఊర్లకొచ్చినయి. కనీసం 57 మంది సచ్చిపోయిన్రు. వాళ్లల్ల 13 ఏండ్ల పోరడు ఒకడు. అదే దేశంల ఒకప్పుడు మే డే జెండ కింద నడిచిన కార్ఖాన పిల్లగాడు, 44 ఏండ్ల తర్వాత కార్ఖాన కార్మికుల మీదికి ట్యాంకులు తోలిండు.

నేను ఈ కథ రాసేతందుకు కూసున్నది ఈ ఒక్క వాక్యం కోసమే. నాకు ఆయన మీద కోపం ఉన్నదా అంటే కోపంకంటే దుఃఖం ఎక్కువ. ట్యాంకులు పంపినోడు ఎవడో దొరబిడ్డ అయితే మనకు ఇంత బాధ ఉండకపోవు. కూలి చేసినోడు, జైలుకు పోయినోడు, దెబ్బలు తిన్నోడు, ఒక్కరి పేరు చెప్పనోడు. అసొంటి మనిషే పంపిండు.

అక్టోబర్‌ల పోలండ్‌ల గాలి మారింది. జైలుకు పోయి వచ్చిన గొముల్కా నాయకుడైండు. రొకొసోవ్‌స్కీని పార్టీ పొలిట్‌బ్యూరోలకెళ్లి తీసేసిన్రు. నవంబర్‌ల మాస్కోకు ఎళ్లిపోయిండు. రష్యాల నన్ను పోల్ అంటరు, పోలండ్‌ల రష్యన్ అంటరు అని ఆయన బాధపడ్డడని చెప్పుకుంటరు. 1968 ఆగస్టు 3న మాస్కోల సచ్చిపోయిండు. బూడిదను క్రెమ్లిన్ గోడల పెట్టిన్రు. పుస్తకం ఆ ఏడే వచ్చింది, అది కూడ కత్తిరింపులతోని. సెన్సార్ కోసేసిన భాగాలు కలిపి అచ్చేసేతందుకు ఇంకో ముప్పై ఏండ్లు పట్టింది.

రెండు తీర్ల ధైర్యం

ఇప్పుడు మొదలడిగిన రెండు ప్రశ్నల కాడికి వస్త. గోసపెట్టిన రాజ్యాన్ని ఎందుకు కాపాడిండు? ఇది నాకు సులువుగనే అర్థమైతది. ఆయన కాపాడింది స్టాలిన్ ఒక్కన్ని గాదు. ఇంటి మీదికి వచ్చినోడు పొలాలు కాలవెట్టి, జనాన్ని పశువుల లెక్క తోలి, మైదానెక్ అసొంటియి కట్టినోడు. సోవియట్ జనం 2 కోట్ల 70 లక్షల మంది ఆ యుద్ధంల పోయిన్రు. అసొంటి టైముల పాత పగ తీర్చుకునుడు ఎవని వల్లనైతది? తనను కొట్టినోళ్లకంటే పెద్ద ఆపద ముంగట ఉన్నదని గుర్తువట్టుడు గొప్ప గుణమే. ఆ గెలుపు కూడ మార్షల్స్ ఒక్కరిదే గాదు. బురదల మొద్దులు మోసినోళ్లది, కందకాలు తవ్విన ఆడోళ్లది.

ఎందుకు నోరు తెరువలే అన్న ప్రశ్ననే కష్టం. భయం ఒకటి, పిస్తోలు ముచ్చట చెప్పిన గద. పార్టీ మీద నమ్మకం ఇంకొకటి. మన ఇంటి రంకు బయటవెడితే శత్రువుకు సందు దొరుకుతది అన్న ఆలోచన మూడోది. ఈ మూడో మాట మనకు కొత్త గాదు. ఏ ఉద్యమంల పనిచేసినోనికైనా ఇది ఎరుకే. మన సంఘంల తప్పు జరిగితే, ఇప్పుడు మాట్లాడకు, టైం గాదు, పెద్ద కొట్లాట నడుస్తున్నది అంటరు. మనం కూడ అంటం. నేను కూడ అన్న.

గని ఆ టైం ఎన్నడు వస్తది? రొకొసోవ్‌స్కీ విషయంల రాలే. తన మీద జరిగిన అన్యాయానికి అన్యాయం అని పేరు పెట్టి చెప్పకపోతే, రేపు పొద్దుగాల అదే అన్యాయం ఇంకొకని మీద జరిగేటప్పుడు దాన్ని గుర్తువట్టే కన్ను కూడ మసకవడుతది. క్రెస్తీల మింగిన మాట పోజ్నాన్‌ల ట్యాంకై తిరిగి వచ్చింది.

తుపాకి ముంగట నిలబడే ధైర్యం ఒకటి. మన దిక్కు ఉన్నోని తప్పు ముంగట నిలబడే ధైర్యం ఇంకొకటి. మొదటిది ఆయనకు కుప్పలు కుప్పలుగ ఉండె. రెండోది లేకుండె అంటే కూడ సరిగ్గ గాదు. జైల్ల సంతకం పెట్టనప్పుడు ఆ ధైర్యం కూడ చూపించిండు. గని జైలుకెళ్లి బయటికొచ్చి భుజం మీద నక్షత్రాలు పెట్టుకున్నంక దాన్ని వాడలే.

ఆయన ఫొటో గోడ మీద ఉన్నోళ్లు దాన్ని తీసెయ్యమని నేను అంటలేను. పక్కన ఇంకో రెండు పెట్టుండ్రి అంటున్న. ఒకటి క్రెస్తీ జైల్ల పేరు లేకుండ పోయినోళ్ల కోసం, ఇంకొకటి రొట్టె అడిగినందుకు పోజ్నాన్ రోడ్డు మీద పడ్డ ఆ 13 ఏండ్ల పోరని కోసం. ఎవరన్న పిల్లలు ఈ మూడు ఎందుకు ఒక్క గోడ మీద ఉన్నయి అని అడిగితే, సోచీ కాడికెళ్లి గాదు, జైలు కాడికెళ్లి కథ మొదలుపెట్టి చెప్పుండ్రి.